పోయిన ఏడాది చెప్పిన మాట మొదటి పేజీలో: ఒక మున్సిపాలిటీ వార్షిక నివేదిక అనుభవం

మూడేళ్ల కిందట గుంటూరుకు దగ్గర్లోని ఒక మున్సిపాలిటీ నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, టౌన్‌లో జనానికి ఏడాదికోసారి ఇచ్చే ప్రగతి నివేదిక మీరు రాసిపెట్టాలి. ఆర్ట్ పేపర్ మీద కలర్ ఫోటోలతో బుక్‌లెట్‌లా రావాలి" అన్నారు అటువైపు నుంచి. నేను గుంటూరులో ఉంటాను. ఆఫీసు భాషలో ఉన్న విషయాన్ని మామూలు తెలుగులోకి మార్చి రాయడం నా వృత్తి. ఆ పట్టణం పేరు ఇక్కడ చెప్పను. అక్కడి ఉద్యోగులు తమ ఫైళ్లు, తమ పొరపాట్లు నా ముందు దాచకుండా పెట్టారు. ఆ నమ్మకం నిలుపుకోవాలి. పని ఎలా సాగిందో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇదే పని ఇంకో ఊళ్లో తలకెత్తుకునేవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

ఒప్పుకునే ముందు పాత నివేదికలు రెండు తెప్పించుకున్నాను. రెండూ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. ముందు సందేశాలు, తర్వాత శంకుస్థాపనల ఫోటోలు, చివర్లో చిన్న అక్షరాల పట్టికలు. పట్టికలో పని పేరు, గ్రాంటు పేరు, అంచనా విలువ లక్షల్లో, ఆఖరి గడిలో "పురోగతిలో ఉన్నది" అన్న ముక్క. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని ఆ ఆఖరి గడి మీద వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వెళ్లాను. ఒక మురుగు కాల్వ పని రెండేళ్లూ పురోగతిలోనే ఉంది. ఆ వీధి ఎక్కడో కనుక్కుని వెళ్లి చూశాను. ఒక పక్క కంకర కుప్ప ఉంది. దాని మీద గడ్డి మొలిచి, ఆ గడ్డి కూడా ఎండిపోయింది.

అక్కడి నుంచి వార్డు సచివాలయానికి వెళ్లాను. ఇంటి పన్ను సంగతి అడగడానికి వచ్చిన ఒక పెద్దావిడ, పక్కన స్కూలు యూనిఫారంలో ఆవిడ మనవరాలు కూర్చుని ఉన్నారు. పుస్తకం ఆ పిల్ల చేతికిచ్చి చదవమన్నాను. రెండు పేజీలు విన్నాక పెద్దావిడ, "ఇయ్యన్నీ సరేగానమ్మా, మా ఈది యాడుంది ఇందులో?" అని అడిగింది. పిల్ల మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూసింది. లేదు. నేను రాయాల్సింది ఏమిటో నాకు ఆ బల్ల మీదే తెలిసింది.

చట్టం చెప్పేది కూడా దాదాపు ఇదే. 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన పనులు, బడ్జెట్, ఖర్చు, బాధ్యులు ఎవరు అన్న వివరాలతో కలిపి 17 అంశాలను ఎవరూ అడగకముందే బయటపెట్టాలి, ఏటా సరిచేయాలి. స్థానిక భాషలో, జనానికి నిజంగా చేరే పద్ధతిలో ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. కేంద్ర నిధులు ఎవరికి ఎంత ఇవ్వాలో సూచించే ఆర్థిక సంఘాల్లో 15వది ఇంకో మెట్టు ఎక్కి, లెక్కలు జనం ముందు పెట్టని మున్సిపాలిటీకి గ్రాంటు ఇవ్వకూడదని షరతు పెట్టింది. అందుకే ఈ రోజు లెక్కలు దొరకని ఊరు తక్కువ. ఎక్కడో ఒక పీడీఎఫ్‌లో ఉంటాయి. పెద్దావిడ వీధి మాత్రం ఆ పీడీఎఫ్‌లో కనపడదు.

నేను కమిషనర్ గారి దగ్గరకు రెండు కోరికలతో వెళ్లాను. మొదటిది, పుస్తకం వద్దు, ఒక్కో వార్డుకు ఒక్కో కాగితం కావాలి. రెండోది, పోయిన ఏడాది చెప్పిన పనులు ఏమయ్యాయో మొదటి పేజీలో ఉండాలి, చెయ్యలేనివి ముందు రావాలి. మొదటిదానికి వెంటనే సరే అన్నారు. ఖర్చు తగ్గుతుంది కదా. రెండోదాని మీద గదిలో చాలాసేపు చర్చ జరిగింది. "మేడమ్, చెయ్యని పనుల లిస్టు మనమే అచ్చేసి పంచితే ఎట్లా? రేపు కౌన్సిల్ మీటింగ్‌లో దాన్నే చదువుతారు" అన్నారు ఒక సీనియర్ ఉద్యోగి. ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. ఏ గొడవ వచ్చినా ముందు మెమో అందుకునేది ఆయనే.

నేను చెప్పింది ఒక్కటే. కాల్వ కట్టలేదన్న సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. రోజూ దాన్ని దాటుకునే వెళ్తున్నారు. వాళ్లకు తెలియనిది ఎందుకు కట్టలేదన్నది. మనం కాగితం మీద రాయగలిగిన కొత్త సంగతి అదొక్కటే. అది రాయకుండా మిగతా ఎన్ని పేజీలు నింపినా చదివేవాడికి కోపమే మిగులుతుంది. ఇన్నేళ్ల నా పనిలో నేను గట్టిగా నమ్మే మాట ఇదే.

కమిషనర్ గారు ఒక ఏడాది చేసి చూద్దామన్నారు.

"ఎందుకు" అన్న గడి

ఇంజనీరింగ్ సెక్షన్ నుంచి వచ్చిన మొదటి చిత్తుప్రతిలో "ఎందుకు" అన్న గడి నిండా రెండే మాటలు ఉన్నాయి: "అనివార్య కారణాల వల్ల", "సాంకేతిక కారణాల వల్ల". ఆ సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారిని తప్పుపట్టను. ఆఫీసులో ఆ మాటలు రాస్తేనే ఫైలు ముందుకు కదులుతుంది. ఆయన పక్కన కూర్చుని ఒక్కో పనికీ ఫైలు తెరిపించాను. నోటితో అడిగితే ఆయన చక్కగా చెప్పేవారు. ఒక పనికి టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు, ఎందుకంటే పాత బిల్లులు బాకీ ఉన్నాయి. ఒక రోడ్డుకు ముందు పైపులైను వేయాలి, లేకపోతే వేసిన రోడ్డు మళ్లీ తవ్వాలి. ఒకచోట ప్రహరీగోడ రోడ్డు మీదికి వచ్చింది, కొలతల గొడవ తేలలేదు.

గడ్డి మొలిచిన కాల్వ సంగతికి వచ్చేసరికి ఆయన కాసేపు ఆగారు. తవ్వడం మొదలుపెట్టాక తెలిసిందట, కాల్వ కలవాల్సిన చోటు మట్టం వీధి మొదలు కన్నా ఎత్తుగా ఉందని. అలాగే కడితే నీళ్లు వెనక్కి తంతాయి. డిజైన్ మార్చాలి, అంచనా మళ్లీ వేయాలి, పైనుంచి మళ్లీ అనుమతి రావాలి. ఆయన చెప్పిందే ఆయన మాటల్లోనే రాసి చూపించాను: "కాల్వ చివర మట్టం ఎత్తుగా ఉన్నట్టు పని మొదలయ్యాక తెలిసింది. ముందే సరిగా కొలవాల్సింది. డిజైన్ మారుస్తున్నాం." మూడుసార్లు చదివారు. "ముందే కొలవాల్సింది అని రాస్తే మా తప్పు ఒప్పుకున్నట్టే మేడమ్." అవునండి అన్నాను. ఇంకోసారి చదివి, "ఉంచండి. ఆ వీధిలో వాళ్లకి నేను ఈ మాట నోటితో ఎప్పుడో చెప్పాను" అన్నారు.

ఈ ఒక్క వాక్యం కుదిరాక మిగతావి రాయడానికి పెద్దగా కష్టపడలేదు.

ఫిర్యాదుల లెక్క దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చినవి, సచివాలయంలో ఇచ్చినవి అన్నీ కంప్యూటర్‌లో ఎక్కుతాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. చివర్లో "పరిష్కరించబడినది" అని మూసేస్తారు. ఒక వార్డు జాబితా మొత్తం తీసుకుని నంబర్లు పక్కన పెట్టి వీధుల వారీగా మళ్లీ పేర్చాం. ఒకే కాల్వ మీద ఒకే మనిషి మళ్లీ మళ్లీ ఇచ్చిన ఫిర్యాదులు, ప్రతిసారీ కొత్త నంబరుతో, ప్రతిదీ పరిష్కారమైనట్టు బయటపడ్డాయి. ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు. కార్మికులు వచ్చి పూడిక తీసింది నిజం. తీసిన పూడిక తడి ఆరేదాకా ఒడ్డున వదులుతారు, తర్వాత ట్రాక్టరు వచ్చి ఎత్తాలి. ట్రాక్టరు వచ్చేలోపు వాన పడితే ఆ మట్టి మళ్లీ కాల్వలోకే దిగుతుంది. కంప్యూటర్‌లో పని అయిపోయింది, వీధిలో కాలేదు. అందుకే కాగితంలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తీర్చాం అన్న శాతాలు తీసేశాం. "మళ్లీ మళ్లీ ఫిర్యాదు వస్తున్న వీధులు" అని పెట్టి ఆ వీధుల పేర్లు రాశాం.

నీళ్లు

అన్నిటికన్నా ఎక్కువ సమయం తాగునీటి మీద పెట్టాం. గుంటూరు ప్రాంతంలో ఈ విషయాన్ని తేలిగ్గా రాసే హక్కు ఎవరికీ లేదు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో, ఆనందపేట వైపు, కలుషిత నీటి వల్ల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అది గుర్తున్నవాళ్లకు "సురక్షిత తాగునీరు అందిస్తున్నాం" అన్న వాక్యం సరిపోదు.

పాత నివేదికలో నీటి లెక్క ఎంఎల్‌డీల్లో ఉండేది. రోజుకు ఇన్ని పది లక్షల లీటర్లు అని దాని అర్థం. చదివేవాళ్లకు ఆ సంఖ్య పెద్దదో చిన్నదో తెలియదు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది కేంద్రం పెట్టిన సేవా ప్రమాణం. 15 లీటర్ల బిందెతో కొలిస్తే తొమ్మిది బిందెలు. కాగితంలో అలాగే రాశాం: మనిషికి తొమ్మిది బిందెలు రావాలి, మీ వార్డు ట్యాంకు నుంచి ఎన్ని బిందెలు వస్తున్నాయి, ఎన్ని గంటలకు వదులుతున్నాం. చదివిన ప్రతి ఇల్లాలికీ వెంటనే అర్థమైన లెక్క ఇదొక్కటే.

నాణ్యత సంగతి రాయడానికి నేను స్వయంగా చూడాలన్నాను. తెల్లవారుజామున నీళ్లు వదిలే వేళకు, వార్డు సచివాలయంలో నీళ్లు, కాల్వల పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీతో కలిసి వెళ్లాను. చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి, అందులో ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం చుక్కలు వేస్తారు. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆఖరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు కింద పట్టిన నీళ్లు చక్కగా పసుపు అయ్యాయి. వీధి మధ్యలో కాస్త పలచబడ్డాయి. లైను చివర, కాల్వ పక్కనున్న రేకుల ఇంటి కుళాయి దగ్గర చుక్కలు వేశాం. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాం. రంగు రాలేదు. అమెనిటీస్ కుర్రాడు ఇంకో నాలుగు చుక్కలు వేశాడు. అయినా రాలేదు. ఆ ఇంటావిడ గుమ్మంలో బిందె పట్టుకుని మా మొహాలు చూస్తూ నిలబడి ఉంది.

ఆ పూటే ఫిట్టరును పిలిపించి పైపు వెంట చూసుకుంటూ వెళ్లారు. ఇళ్లకు వెళ్లే సన్నపైపులు మురుగు కాల్వ లోంచే వెళ్తున్నాయి. ఒకచోట జాయింటు వదులైంది. నీళ్లు వదిలినంతసేపూ లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి బయటికే కారుతుంది. వాల్వ్ కట్టేశాక పైపు ఖాళీ అయ్యేటప్పుడు లోపలికి లాక్కుంటుంది, కాల్వలో ఉన్నది పైపులోకి వస్తుంది. మర్నాడు మొదట వచ్చే నీళ్లతో అది ఇంట్లోకి చేరుతుంది. పూటకోసారి నీళ్లు వదిలే ప్రతి ఊరికీ ఉన్న ప్రమాదమిది. పై వీధుల్లో కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతుంటే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది, చివరి ఇళ్లకు ధార కూడా అందదు.

జాయింటు ఆ రోజే సరిచేశారు. కానీ కాగితంలో ఏం రాయాలి? "సరిచేశాం కదా, ఇక ఎందుకు మేడమ్" అన్నారు. రాయాల్సిందే అని నేను పట్టుబట్టాను. చివరికి ఇలా అచ్చయింది: "ఈ వార్డులో లైను చివర నీటిలో క్లోరిన్ లేదని పరీక్షలో తేలింది. లీకు సరిచేశాం. కాల్వలోంచి వెళ్లే పైపులు ఇంకా ఉన్నాయి, వాటిని పైకి మార్చడం ఈ ఏడాది పని. అప్పటిదాకా నీళ్లు కాచి తాగండి, మొదట వచ్చే నీళ్లు వదిలేశాక పట్టుకోండి. కుళాయికి మోటారు పెట్టకండి, మీ పక్కింటికి మురుగు వెళ్తుంది." చివరి వాక్యం ఫిట్టరు చెప్పింది. నేను అక్షరం కూడా మార్చలేదు.

డబ్బు

పన్ను పేజీ చిన్నదే అయినా ఎక్కువమంది అడిగింది దాని గురించే. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్నును అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. పెంపు ఒకేసారి మీద పడకుండా ఏడాదికి 15 శాతానికి మించకూడదన్నారు. దాంతో చాలా ఇళ్లకు ఏటా కొంత కొంత పెరుగుతూ వచ్చింది. జనానికి మాత్రం "నిరుడే పెంచారు, మళ్లీ పెంచారు" అన్నట్టే అనిపించింది. అందుకని ఉదాహరణ వేశాం: ఆర్నెల్లకు 2,000 రూపాయలు కట్టే ఇంటికి మరుసటి ఏడాది 2,300, ఆ తర్వాత 2,645, ఆపైన దాదాపు 3,042. అసలు కట్టాల్సిన మొత్తానికి చేరాక ఈ పెంపు ఆగుతుంది. ఏప్రిల్‌లోనే ఏడాది పన్నంతా కడితే 5 శాతం తగ్గింపు. రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుందన్నది చాలామందికి కొత్త సంగతి. మా ఊరి లైబ్రరీ ఎందుకు తెరవడం లేదని ఆ ఏడాది తొలిసారి అర్జీలు వచ్చాయి. అది మంచికే.

"నిధులు వచ్చాయని చెబుతారు, మా రోడ్డు మాత్రం వెయ్యరు" అన్నది ఇంకో మాట. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 మార్చి దాకా ఇలాంటి పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది, చెరిసగం. మిగిలిన 40 శాతం ఊరి అవసరాలకు వాడుకునే వీలుండేది కానీ జీతాలకు కుదిరేది కాదు. ఈ రెండు వాక్యాలు రాశాక రోడ్ల గొడవ తగ్గిందని చెప్పను. వాదన మాత్రం మారింది. "మాకు కాల్వలకైనా ఆ డబ్బులోంచి ఇవ్వొచ్చుగా" అని లెక్క చూపించి అడగడం మొదలుపెట్టారు.

అచ్చు, పంపకం

విజయవాడ గవర్నర్‌పేటలో వేయించాం. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును ప్రెస్సులో అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, అంకెల పక్క గుర్తులు మారిపోతాయి. వార్డుకో కాగితం అంటే వార్డుకో ప్రూఫ్. అన్నీ మళ్లీ చదవాల్సిందే, దీనికి దగ్గరిదారి లేదు. ఒకటో తారీఖు పింఛన్లతో పాటు కొన్ని ఇళ్లకు వెళ్లాయి, మిగతావి సచివాలయం వాళ్లు పంచారు. చదువు రానివాళ్ల కోసం చెత్త బండి మైకులో ఆ వార్డు కాగితంలోంచి మూడు ముక్కలు చదివించాం.

ఇన్నిసార్లు చదివినా తప్పు జరిగింది. ఒక వార్డులో నీళ్లు వదిలే వేళ పాత పట్టికలోంచి ఎత్తి వేశాం. మధ్యలో వేళ మారిన సంగతి ఆఫీసులో రికార్డు కాలేదు. కాగితం నమ్మి లేచినవాళ్లకు ఆ పొద్దున నీళ్లు దొరకలేదు. బిందెలతో సచివాలయానికి వచ్చారు. తప్పు నాది. వాల్వ్ తిప్పే మనిషిని అడగకుండా ఆఫీసు పట్టికను నమ్మాను. మూడు రోజుల్లో సవరణ చీటీ వేసి ఇంటింటికీ పంచాం, క్షమించమని రాశాం. అప్పటి నుంచి నీటి వేళలు వాల్వ్ ఆపరేటర్ చేత చదివించి, ఆయన సరేనన్నాకే ప్రెస్సుకు పంపుతున్నాం.

ఊహించిన గొడవ కూడా వచ్చింది. కౌన్సిల్ సమావేశంలో చెయ్యని పనుల పేజీ పైకెత్తి చదివారు. కారణాలు కూడా అక్కడే రాసి ఉండటంతో చర్చ కారణాల మీదికి మళ్లింది. మట్టం సరిగా కొలవని కాల్వకు కొత్త అంచనా ఆమోదం ఆ సమావేశంలోనే పొందారు.

రెండో ఏడాది కాగితం రాసేనాటికి 2024 వరద వచ్చి వెళ్లింది. సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం ఇక్కడ అందరూ టీవీలో చూశారు. మా మున్సిపాలిటీలోనూ జనం ఒకటే అడిగారు: పెద్ద వాన వస్తే మన నీళ్లు ఎటు పోతాయి? అందుకని ఆ ఏడాది ప్రతి కాగితం వెనక వార్డు కాల్వల పటం వేశాం. ఏ కాల్వ ఏ కాల్వలో కలుస్తుంది, ఊరు దాటాక ఎక్కడ పడుతుంది, ఎక్కడ అడ్డు ఉంది అన్నది బాణం గుర్తులతో గీయించాం. ఊరు దాటిన చోటి నుంచి కాల్వ ఇరిగేషన్ శాఖది, మెయిన్ రోడ్డు కింది తూము రోడ్లు భవనాల శాఖది (ఆర్ అండ్ బీ). ఈ పని ఎవరిది, ఆ శాఖలకు మున్సిపాలిటీ ఏమని ఉత్తరం రాసింది అన్నది కూడా పటం పక్కనే వేశాం. బాధ్యత తప్పించుకుంటున్నారని కొందరు అన్నారు. అలా అనిపించకుండా ఉండాలంటే రాసిన ఉత్తరం తేదీ కూడా వేయాలని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మూడో ఏడాది కాగితాలు ప్రూఫులో ఉన్నాయి. మొదట ఒప్పుకున్న కమిషనర్ గారు బదిలీ మీద వెళ్లిపోయారు. ఏఈ గారు ఉన్నారు. కాల్వలోని పైపులు రెండు వీధుల్లో పైకి మార్చారు, రేకుల ఇంటి దగ్గర ఓటీ చుక్కలకు నీళ్లు ఇప్పుడు పసుపు రంగుకు వస్తున్నాయి. మూడో వీధిలో ఇంకా మార్చలేదు. నీళ్లు కాచి తాగమన్న వాక్యం ఆ వీధి కాగితంలో ఉంచాం. పెద్దావిడ వీధి కాల్వ పోయిన వేసవిలో పూర్తయింది. దాని చివరి తూము అనుమతి మాత్రం రాలేదు. ఆ వార్డు కాగితంలో ఈసారి మొదటి వరుస అదే. ఉత్తరం రాసిన తేదీ, దాని నంబరు, జవాబు రాలేదన్న మాట, మళ్లీ ఎప్పుడు రాస్తామన్నది ఆ వరుసలో ఉన్నాయి.